బ్రౌజర్లో తెలుగు అక్షరదోషాలు ఎందుకు దొరకవు? ఎలా పట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. క్రోమ్‌లో, వెబ్‌సైట్ ఇచ్చిన పెట్టెలోనే నేరుగా తెలుగు వ్యాసాలు టైప్ చేస్తున్నారు. ఇంగ్లీషు మాట తప్పుపడితే కింద ఎర్రగీత వస్తోంది, తెలుగుకు ఏ గీతా రావడం లేదు. గీత లేదు కదా, అంతా బాగానే ఉందనుకుని పంపితే, ఎడిటర్ 37 తప్పులు గుర్తుపెట్టి వెనక్కి పంపారు. సెట్టింగుల్లో ఏదైనా ఆన్ చేయడం మర్చిపోయానా అని అడిగారు.

తప్పు మీ సెట్టింగులది కాదండీ. క్రోమ్ తనతో తెచ్చుకునే స్పెల్‌చెక్ డిక్షనరీల్లో తెలుగు లేదు. హిందీ ఉంది, తమిళం ఉంది, మనది లేదు. ఇంగ్లీషు డిక్షనరీతో నడుస్తున్నప్పుడు తెలుగు లిపిలో ఉన్న మాట ఎదురైతే క్రోమ్ దాన్ని తప్పనీ అనదు, ఒప్పనీ అనదు. తన పరిధిలోది కాదని దాటిపోతుంది. అంటే గీత రాకపోవడానికి కారణం మీ మాట సరిగ్గా ఉండటం కాదు, దాన్ని ఎవరూ చూడకపోవడం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది, ఎందుకంటే మీరు మోసపోయింది ఇక్కడే.

రెండు నిమిషాల పని ఒకటి ముందు చేసి చూడండి. విండోస్ మీద క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లు విండోస్ సొంత స్పెల్‌చెకర్‌ను కూడా వాడుకోగలవు. విండోస్ భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి, బ్రౌజర్ లాంగ్వేజెస్ పేజీలో స్పెల్‌చెక్ దగ్గర తెలుగు పేరు కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే ఆన్ చేసుకోండి. కనిపించకపోతే అక్కడ ఇంక వెతకొద్దు, కింద చెప్పిన దారిలో రండి.

నా సంగతి రెండు మాటల్లో. 2004లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో టైపిస్టుగా మొదలుపెట్టాను. తర్వాత ప్రూఫులు దిద్దడం నేర్చుకున్నాను. ఇప్పుడు వెబ్‌సైట్లకు రాసేవాళ్ల కాపీలు దిద్దడమే నా పని. డీటీపీ రోజుల్లో మేము అను ఫాంట్లలో కొట్టేవాళ్లం. తెర మీద తెలుగు కనిపించేది కానీ కంప్యూటర్ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. అది తెలుగు అని మెషీన్‌కే తెలియనప్పుడు తప్పు ఎలా చూపిస్తుంది? అందుకే మా తరం డీటీపీ వాళ్లకు స్పెల్‌చెక్ అనే అలవాటే లేదు. ప్రూఫ్ రీడర్ కన్నే దిక్కు. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లో సొంత సంకేతం ఇచ్చే పద్ధతి) మొదటి వెర్షన్ 1991లోనే తెలుగుతో సహా వచ్చింది, ఇవాళ వెబ్ అంతా అందులోనే ఉంది. కాబట్టి ఇప్పుడు సమస్య లిపిది కాదు.

మరి దేనిది? ఫైర్‌ఫాక్స్ 2006లో తన రెండో వెర్షన్‌తో టైప్ చేసే పెట్టెల్లో ఎర్రగీత తెచ్చింది. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) మూడింటిలోనూ ఈ పని చేసేది హన్‌స్పెల్ అనే ఒకే ఇంజన్. హంగేరీకి చెందిన లాస్లో నేమెత్ తన భాష కోసం మొదలుపెట్టినది అది. దానికి రెండు ఫైళ్లు కావాలి. ఒకదాంట్లో మూలపదాలు, రెండోదాంట్లో ఆ పదాలకు ఏ ప్రత్యయాలు ఎలా చేరతాయో చెప్పే నియమాలు. ఈ రెండూ ఎవరో కూర్చుని తయారుచేయాలి, తర్వాత ఏళ్ల తరబడి సరిచేస్తూ ఉండాలి. బ్రౌజర్ కంపెనీలు చాలావరకు ఇలా తయారైనవి తీసుకుని చేర్చుకుంటాయి. క్రోమ్ జాబితాలో ఫారో దీవుల భాష ఉంది, దాన్ని లక్షమంది కూడా మాట్లాడరు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. అంటే మనిషిలెక్కను బట్టి డిక్షనరీ రావడం లేదు. మన భాషకు అది తయారుచేయడం నిజంగా కష్టం కూడా.

ఎంత కష్టమో మీరే చూడండి. ఇంగ్లీషులో "బుక్" అనే మాటకు నాలుగైదు రూపాలు చాలు. మన "పుస్తకం" తీసుకోండి: పుస్తకాన్ని, పుస్తకంలో, పుస్తకాలు, పుస్తకాల్లో, పుస్తకాల్లోని, పుస్తకాల్లోంచి, పుస్తకాల్లోనే, పుస్తకాలేవో, పుస్తకమా, పుస్తకమూ. ఇంకా రాస్తూ పోవచ్చు. క్రియల దగ్గరికి వస్తే "వెళ్లలేకపోతున్నామనుకుంటున్నారేమో" అన్నది మనకు ఒక్క మాట. దాన్ని విప్పితే వెళ్లడం, లేకపోవడం, మనం, వాళ్లు అనుకోవడం, చివర సందేహం, అన్నీ అందులోనే. మధ్యలో ఖాళీ లేదు. హన్‌స్పెల్ మాట చివరినుంచి రెండు పొరల ప్రత్యయాలను ఒలిచి మూలపదం కోసం వెతుకుతుంది. హంగేరీ భాషకు అది సరిపోయింది. మనకు రెండు పొరలు ఎక్కడ చాలుతాయి? ఫిన్నిష్ వాళ్లకూ ఇదే ఇబ్బంది వచ్చి, హన్‌స్పెల్ పక్కనపెట్టి వోయిక్కో అనే సొంత పరికరం కట్టుకున్నారు.

దీనికితోడు సంధి. "వాడెక్కడున్నాడు" అని కలిపి రాసినా ఒప్పే, "వాడు ఎక్కడ ఉన్నాడు" అని విడగొట్టినా ఒప్పే. పైగా వర్ణక్రమంలోనే రెండేసి దారులున్నాయి. ఇళ్లు, ఇళ్ళు. చేయాలి, చెయ్యాలి. రుణం, ఋణం. పత్రికకో పద్ధతి, ప్రచురణ సంస్థకో పద్ధతి. డిక్షనరీ తయారుచేసేవాళ్లు రెంటినీ ఒప్పుకోవాలి, అప్పుడు ఒకే వ్యాసంలో రెండూ కలిసిపోయినా గీత రాదు. మీ 37లో కొన్ని ఇలాంటివే అయివుండొచ్చు. ఏవి తప్పులో, ఏవి ఆ సైట్ పద్ధతికి సరిపడనివో ఎడిటర్‌ను ఒక్కసారి అడగండి. ఏ మంచి ఎడిటరూ విసుక్కోరు.

తెలుగు పదాలను విడదీసి విశ్లేషించే పని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా జరుగుతోంది. అంటే ఈ విద్య మన దగ్గర లేక కాదు. అది బ్రౌజర్లో మీరు టైప్ చేసే పెట్టెదాకా నడిచి రావాలి. అదే ఇంకా జరగలేదు.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెబుతాను.

వ్యాసాన్ని బ్రౌజర్ పెట్టెలో రాయకండి. బయట రాసి, సరిచూసుకుని, అప్పుడు అతికించండి. నేను లిబ్రేఆఫీస్ రైటర్ వాడతాను. ఉచితం, దానికి తెలుగు డిక్షనరీ ఉంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని, డిక్షనరీల వరుసలో తెలుగుకు టిక్ ఉందో లేదో చూడండి. తర్వాత ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు ఎంచుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పైన ఉండే వెస్టర్న్ అనే గడిలో తెలుగు కోసం వెతికి, లేదనుకుని వదిలేస్తారు. మన లిపి ఆ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ గడిలోనే ఉంటుంది. అది పెట్టాక ఎఫ్7 నొక్కితే సరిచూడటం మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఉన్నవాళ్లు తెలుగు ప్రూఫింగ్ టూల్స్ వేసుకోవచ్చు.

ముందే చెబుతున్నాను, మొదటి రోజు టెన్షన్ పడతారు. సరైన మాటల కింద కూడా బోలెడు గీతలు వస్తాయి, పైన చెప్పిన ప్రత్యయాల గొడవ వల్ల. నేను మొదట్లో రెండు రోజులు చూసి ఆపేశాను. తర్వాత ఒక పద్ధతి దొరికింది. ఒక్కో గీత దగ్గర ఆగి, మాట సరైనదే అని ఖాయమైతే సొంత డిక్షనరీలో చేర్చుకుంటూ పోయాను. అనుమానం ఉన్నవాటికి ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతికాను. మనం రాసే విషయాలు ఎప్పుడూ ఒకే చుట్టూ తిరుగుతాయి కాబట్టి, నెలన్నర తిరిగేసరికి గీతలు బాగా తగ్గాయి. మిగిలినవాటిలో నిజమైన తప్పులే ఎక్కువ కనిపించాయి.

బ్రౌజర్లోనే రాయక తప్పని పరిస్థితి అయితే ఫైర్‌ఫాక్స్ నయం. టైప్ చేసే పెట్టెలో రైట్ క్లిక్ చేసి, లాంగ్వేజెస్ కింద యాడ్ డిక్షనరీస్ నొక్కండి. అక్కడి పట్టికలో తెలుగుకు డిక్షనరీ కనిపిస్తే వేసుకోండి. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ వాడేవాళ్లకైతే హన్‌స్పెల్ తెలుగు ప్యాకేజీ సిస్టమ్ భాండాగారంలోనే దొరుకుతుంది, ఆ సిస్టమ్‌తో వచ్చిన ఫైర్‌ఫాక్స్ దాన్ని తీసుకుంటుంది. 2022లో వచ్చిన నూరో వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఒకే పెట్టెలో రెండు మూడు భాషల్ని కలిపి చూడగలదు. తెలుగులో మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషు లిపిలోనే రాసేవాళ్లకు ఇది మంచి సదుపాయం.

ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో చిన్న సంగతి. మామూలుగా అది నాలుగైదు వరుసల పెద్ద పెట్టెల్లోనే తప్పులు చూస్తుంది, ఒకే వరుస ఉండే గడుల్లో చూడదు. వ్యాసం శీర్షిక టైప్ చేసేది సరిగ్గా అలాంటి గడిలోనే. శీర్షికలో తప్పుంటే అందరికంటే ముందు అదే కనిపిస్తుంది కాబట్టి, శీర్షికను కూడా వ్యాసంతో పాటు పెద్ద పెట్టెలో రాసి చూసుకోండి.

సొంతంగా చేర్చుకున్న మాటలు ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్లో పెర్స్‌డిక్ట్ అనే చిన్న ఫైల్లో ఉంటాయి, వరుసకో మాట. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. దాన్ని నెలకోసారి కాపీ తీసి పెట్టుకోండి. ఒకసారి సిస్టమ్ ఫార్మాట్ చేయించినప్పుడు రెండేళ్లపాటు పోగుచేసుకున్న మాటలు పోయాయి నాకు. అప్పుడు పడ్డ బాధ మీకు వద్దు.

ఇక్కడిదాకా పరికరాల గురించి. కానీ మీ ఎడిటర్ గుర్తించినవాటిలో మీరు రాసి పంపిన ఈ ఆరూ చూశాక నాకు అసలు చెప్పాలనిపించింది వేరే ఉంది: భాద, వెల్లి, సంధర్భం, అర్ధం, మద్య, ద్రుష్టి. వీటిలో భాద, సంధర్భం, ద్రుష్టి అనేవాటిని ఏ డిక్షనరీ అయినా పట్టుకుంటుంది, ఎందుకంటే అలాంటి మాటలు లేవు. బాధ, సందర్భం, దృష్టి అని ఉండాలి. కానీ "వెల్లి" అంటే వరద, మీకు కావలసింది "వెళ్లి". "అర్ధం" అంటే సగం. "అర్థం" అంటే భావం. రెండూ ఉన్న మాటలే. "మద్య" అన్నది మద్యపానంలో ఉంది, "మధ్య" అన్నది నడుమ. తప్పు మాట ఇంకో సరైన మాటలా ఉంటే ఎంత గొప్ప స్పెల్‌చెకర్ అయినా గీత గీయదు. వేళ, వేల. కళ, కల. తెలుగులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి.

ఒక ఆరోగ్య వెబ్‌సైట్ కాపీ దిద్దుతున్నప్పుడు జరిగింది చెబుతాను. చంటిపిల్లల సంరక్షణ గురించిన వ్యాసం. "నెలలు నిండని పిల్లలను" అని ఉండాల్సిన చోట "నెలలు నిండిన పిల్లలను" అని ఉంది. రెండు మాటలూ శుభ్రమైన తెలుగే, ఏ గీతా రాలేదు. రాసినవారు చూడలేదు, నేనూ మొదటిసారి కంటితో చదివి దాటిపోయాను. రెండోసారి పైకి చదువుతుంటే నాలుక ఆగింది. నెలలు నిండిన బిడ్డకు ఇంత జాగ్రత్త ఎందుకు చెబుతున్నారు అని. ఒక్క గుడి పక్క అక్షరానికి జరగడంతో సలహా మొత్తం వేరే పిల్లలకు చెప్పినట్టయింది. అప్పటినుంచి పైకి చదవకుండా ఏ ఆరోగ్య వ్యాసాన్నీ వదలలేదు.

మీకు పైకి చదివే ఓపిక లేకపోతే ఎడ్జ్ బ్రౌజర్లో బిగ్గరగా చదివించే సదుపాయం ఉంది, తెలుగు గొంతులూ ఉన్నాయి. మీ వ్యాసాన్ని అది చదువుతుంటే కళ్లు మూసుకుని వినండి. "వెల్లి" లాంటివి చెవికి వెంటనే తగులుతాయి. ద, ధ తేడా మాత్రం అంత తేలిగ్గా వినపడదు, దానికి కన్నే కావాలి.

కంటికి కూడా కనిపించని తప్పులు మరో రకం. ఓసారి పాత పుస్తకం నుంచి ఓసీఆర్ చేసిన (పేజీ బొమ్మలోని అక్షరాలను కంప్యూటరే చదివి టైప్ అక్షరాలుగా మార్చిన) వ్యవసాయ వ్యాసం వచ్చింది. "పంట" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చూద్దామని వెతికితే మూడే దొరికాయి. పేజీ నిండా పంటలే కనిపిస్తున్నాయి! దగ్గరగా చూస్తే తేలిందేమిటంటే, మిగతాచోట్ల ఉన్నది అక్షరం పక్కన పెట్టే సున్న కాదు, తెలుగు అంకె సున్నా. ం, ౦. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు సంకేతాలు. పాఠకుడికి తేడా తెలియదు, కానీ ఆ మాట కోసం వెతికినవారికి ఆ పేజీ దొరకకపోవచ్చు. ఓసీఆర్ చేసినదేదైనా తీసుకుంటే ముందు ఆ అంకెను వెతికి, సున్నతో మార్చేయండి.

"సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో కనిపించని ఒక విభజని ఉంటుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అయి వ వత్తుగా మారుతుంది. అది చూడగానే తెలుస్తుంది, ఫర్వాలేదు. కానీ కొన్ని కీబోర్డులు "వెబ్" లాంటి మాట చివర కూడా ఆ విభజనిని వదిలేస్తాయి. అప్పుడు చూడటానికి ఒకేలా ఉన్న రెండు "వెబ్"లు డిక్షనరీకి రెండు మాటలు. సరైన మాట కింద ఎందుకు గీత వచ్చిందో ఎంత చూసినా అర్థం కాకపోతే, ఆ మాట చెరిపి మళ్లీ కొట్టండి. చాలాసార్లు పోతుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది: మీ తప్పుల పట్టిక మీరే రాసుకోండి. ఇన్నేళ్లలో నేను గమనించింది ఏమిటంటే, ఒక్కో రచయిత చేసే తప్పులు వందల రకాలు ఉండవు. ఇరవై, పాతిక. అవే మళ్లీమళ్లీ వస్తాయి. దానికి కారణం భాష రాకపోవడం కన్నా టైప్ చేసే తీరు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ళ కావాలంటే పెద్ద ఎల్, ణ కావాలంటే పెద్ద ఎన్ నొక్కాలి. షిఫ్ట్ జారిందా, "పెళ్లి" కాస్తా "పెల్లి" అవుతుంది, "కారణం" కాస్తా "కారనం". ధ, భ లాంటి ఒత్తక్షరాలకు హెచ్ కలపాలి కాబట్టి ఉండాల్సినచోట మర్చిపోతాం, అక్కర్లేనిచోట కలిపేస్తాం. "సంధర్భం", "ఉచ్ఛారణ", "శబ్ధం" అన్నీ అలా పుట్టినవే. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే నేరుగా కీలు ఉండే కీబోర్డు) వాడేవాళ్ల తప్పులు వేరేగా ఉంటాయి, వాళ్లకు పక్క కీ తగులుతుంది.

నా పట్టికలో ఉన్నవి కొన్ని ఇస్తున్నాను, మీవి కలుపుకోండి. తప్పు రూపం ముందు, ఒప్పు తర్వాత: విద్యార్ధి, విద్యార్థి. ప్రార్ధన, ప్రార్థన. ఉచ్ఛారణ, ఉచ్చారణ. శబ్ధం, శబ్దం. చిన్హం, చిహ్నం. బ్రమ్హ, బ్రహ్మ. మద్యాహ్నం, మధ్యాహ్నం. నిర్దారణ, నిర్ధారణ. హ కింద ఒత్తు వచ్చే మాటలన్నిటి దగ్గరా రెండోసారి ఆగండి, అక్కడ తడబడనివాళ్లు అరుదు.

వ్యాసం పూర్తయ్యాక ఈ తప్పు రూపాలను ఒక్కొక్కటిగా కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకండి. బ్రౌజర్లోనూ పనిచేస్తుంది, ఏ డిక్షనరీ అక్కర్లేదు. పాతిక మాటలు వెతకడానికి నాకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కానీ రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కకండి. నేను ఒకసారి "అర్ధ" అన్నదంతా "అర్థ"గా మార్చేశాను. కథలో ఉన్న అర్ధరాత్రులన్నీ "అర్థరాత్రి" అయిపోయాయి, అర్ధగంటలూ అంతే. ప్రచురించాక ఒక పాఠకురాలు రాస్తే గానీ నాకు తెలియలేదు. "వెల్లి" వెతికితే "వెల్లివిరిసింది" కూడా వస్తుంది, "మద్య" వెతికితే మద్యపానం వస్తుంది. ఒక్కోదాని దగ్గర ఆగి, చూసి, చేత్తోనే మార్చండి.

ఫోన్లో రాసేవాళ్లు కీబోర్డు ఇచ్చే సూచనల్ని నమ్ముకోవద్దు. అది జనం ఎక్కువగా కొట్టే రూపాన్ని ముందు చూపిస్తుంది, జనం ఎక్కువగా తప్పు కొట్టే మాట అయితే ఆ తప్పే ముందుంటుంది. నా ఫోన్లో "భాద" అలాగే వచ్చేది. ఏఐ చాట్‌లకు ఇచ్చి దిద్దించుకునేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే మార్చమని కాకుండా, అనుమానం ఉన్న మాటల పట్టిక మాత్రమే ఇవ్వమని అడగండి. మార్చమంటే మీ యాస, మీ వాక్యం అన్నీ సాపు చేసి ఇస్తాయి, అది మీ వ్యాసంలా ఉండదు. క్రోమ్‌లో ఎన్‌హాన్స్‌డ్ స్పెల్‌చెక్ అని ఒకటుంది, ఆన్ చేస్తే మీరు టైప్ చేసేది గూగుల్ సర్వర్లకు వెళ్తుంది. ఎవరి ఆరోగ్య వివరాలో, ఆఫీసు కాగితాలో రాస్తున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెట్టనక్కర్లేదు. ఇవాళ మీ ఎడిటర్ పంపిన ఆ 37 తప్పుల్ని ఒక కాగితం మీద రాసి, ఒకే రకానివి ఒక గుంపుగా చేర్చండి. ళ బదులు ల పడ్డవి ఒకచోట, ఒత్తు ఎక్కువైనవి ఒకచోట, ఒత్తు జారినవి ఒకచోట, ఋత్వం బదులు రు పడ్డవి ఒకచోట. ఎన్ని గుంపులు వచ్చాయో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి మీ కీబోర్డు మార్చుకుంటే సరిపోతుందో, పట్టిక పెట్టుకోవాలో చూసి చెబుతాను.